గురుదక్షిణ ఎవరికి చెల్లవలెను?

బ్రాహ్మణుడు మూడు ఋణములతో పుట్టుచున్నాడని తైత్తిరీయ సంహిత చెప్పుచున్నది. ఋషుల ఋణమును బ్రహ్మచర్యముచేతను, దేవతల ఋణమును యజ్ఞముచేతను, పితరుల ఋణమును సంతానముచేతను తీర్చుకొనవలెనని దాని విధి. ఆ కాలమున ఒక వర్ణమును గూర్చి చెప్పిన మాటయే యైనను, విద్య యొక వర్ణపు సొత్తు కాదని నమ్మువారికి అది చదువుకొనిన ప్రతి స్త్రీకిని, ప్రతి పురుషునికిని వర్తించును. ఈ విధిలో ఒక విశేషము కలదు. లోకములో అప్పు ఎవరియొద్ద తెచ్చితిమో వారికే తీర్చుదుము. ఇచ్చట నట్లు కాదు. తండ్రి తాతల ఋణమును బిడ్డను పెంచి తీర్చవలెను. ఋషుల ఋణమును తాను చదివి, తరువాతివారికి చదువు చెప్పి తీర్చవలెను. ఇచ్చినవాడొకడు, పుచ్చుకొనువాడు మరియొకడు. ఈ సూత్రమును దృష్టియందుంచుకొని నేటి కాలపు ప్రశ్న యొకదానిని విచారింప దలచితిమి.

కళాశాలలో చదివి పట్టము పొందినవాడు ఆ కళాశాలకు జీవితాంతము ఋణపడి యుండునా? ఉండునేని ఆ ఋణమును ఎవరికి, ఏ రూపమున తీర్చవలెను? నేడు పెక్కు విద్యాలయములకు పూర్వవిద్యార్థుల సంఘము లున్నవి. ఏటేట సభలు జరుగుచున్నవి. దూరదేశములలో ధనమార్జించినవారు భవనములు కట్టించుచున్నారు. గోడలమీద చలువరాతి పలకలు వెలయుచున్నవి. ఇందు తప్పేమియు లేదు. అయినను ఇచ్చుటకు ముందు దేనిని తీర్చుచున్నామో తెలిసికొనుట మంచిది. పద్దు తెలియక తీర్చిన అప్పు, తీరక మిగిలిన అప్పుతో సమానమే కదా.

మొదట వినవచ్చు నాక్షేపణ యిది: “మేము ఫీజు కట్టి చదివితిమి. వారు పాఠము చెప్పిరి. లెక్క సరిపోయినది. ఇక ఋణ మెక్కడిది?” ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. పిండి కొలిచినట్లు ఫీజు కొలిచి పుచ్చుకొను విద్యాలయములు పెరుగుచున్న కాలమిది. కాని ప్రభుత్వ ధనముతో నడచు కళాశాలలో చదివినవారు ఒక్కసారి ఆలోచింపవలెను. విద్యార్థి కట్టిన ఫీజుతోనే ఆ నేలయు, ఆ గ్రంథాలయమును, ఆ ప్రయోగశాలయు, ఆ బోధకుల జీతములును సమకూడెనా? కూలికి పోయి వచ్చు స్త్రీ అంగడిలో సబ్బుబిళ్ల కొన్నప్పుడు దాని వెలతోపాటు పన్నును చెల్లించుచున్నది. ఆ పన్నులో నొక కాని కళాశాల మెట్టుక్రింద రాయి యైనది. ఆమె కొడుకు ఆ మెట్టెక్కి యుండకపోవచ్చును. కాబట్టి పట్టభద్రునకు అప్పిచ్చినవారిలో ఆచార్యులు కొందరే. అతడు ఎన్నడును చూడనివారు, కళాశాలను ఎన్నడును చూడనివారు, అంతకంటె అనేకులు.

గురుదక్షిణను గూర్చి మన వాఙ్మయమున రెండు కథలు మిక్కిలి ప్రసిద్ధములు. రఘువంశము ఐదవ సర్గమున కౌత్సుని కథ యొకటి. వరతంతు మహర్షి శిష్యునియొద్ద ఏమియు కోరలేదు. చిరకాలము చేసిన శుశ్రూషయే చాలుననెను. శిష్యుడు మాటిమాటికి నిర్బంధింపగా విసిగి, నేర్పిన పదునాలుగు విద్యలకు పదునాలుగు కోట్లు తెమ్మనెను. కౌత్సుడు రఘుమహారాజు కడకు పోయెను. విశ్వజిద్యాగమున సర్వస్వమును దానము చేసి, మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చు స్థితిలో నున్న రాజు, కుబేరునిమీదికి దండెత్త నెంచెను. తెల్లవారుసరికి కోశాగారమున బంగారము కురిసి యుండెను. రాజు అంతయు నిచ్చెదననెను. శిష్యుడు గురువునకు చెల్లవలసినదానికి మించి యొక్క మాడయు నంటననెను. ఇచ్చువాని యౌదార్యమును, పుచ్చుకొనువాని నిగ్రహమును చూచి సాకేతపురవాసులు ఇరువురిని కొనియాడిరట. గురువునకు చేరిన ఆ ధనము కౌత్సుని యార్జితము కాదనియు, రాజకోశమునుండియే వచ్చెననియు పాఠకులు గమనింతురుగాక.

రెండవది ఏకలవ్యుని కథ. నిషాదుడని ద్రోణుడు అతనికి విద్య చెప్పలేదు. మట్టిబొమ్మను గురువుగా నిలుపుకొని అతడు తనంతట నేర్చెను. అప్పుడు గురువు వచ్చి, తాను నేర్పని విద్యకు దక్షిణగా కుడిచేతి బొటనవ్రేలిని కోరెను. శిష్యుడు కోసి యిచ్చెను. ఏకలవ్యుని గురుభక్తిని పాఠ్యపుస్తకములు పొగడుచు వచ్చినవి. ఆ భక్తి గొప్పదే. కాని ఆ దక్షిణ ధర్మమైనదని మా మనస్సు ఒప్పుకొనదు. నిర్బంధించి పుచ్చుకొనునది సుంకము. ఎవరు నడుగకున్నను తలచుకొని యిచ్చునది దక్షిణ. విద్యాలయము తన కవాటములను ఎవరికి మూసినదో వారికి అది యిచ్చుకొనవలసిన బాకీ యున్నది. వారియొద్ద దానికి రావలసినది లేదు. ఆ విద్యాలయమునుండి పట్టము పొందినవాడు దాని ఆస్తికే గాక దాని బాకీకిని వారసుడని మా యభిప్రాయము.

ఇది పురాణములలోని మాటగానే మిగిలిపోక, కన్నులయెదుట నడచిన దృష్టాంతము నొకదానిని చెప్పుదుము. నేడు పుణె యనబడు పూనా నగరమున ప్రభుత్వపు దక్కను కళాశాలలో బాలగంగాధర తిలకును, గోపాల గణేశ అగర్కరును సహాధ్యాయులు. సర్కారు కొలువు చేయక విద్యాదానమునకే జీవితము నిచ్చెదమని వారు విద్యార్థిదశలోనే నిశ్చయించుకొనిరి. 1880లో విష్ణుశాస్త్రి చిప్లూణ్కరు మొదలగువారితో గూడి తిలకు న్యూ ఇంగ్లీషు స్కూలును స్థాపించెను. అగర్కరు పిమ్మట చేరెను. 1884లో దక్కను ఎడ్యుకేషను సొసైటీయు, 1885లో ఫెర్గుసన్ కళాశాలయు వెలసినవి. ఆ సంఘపు జీవితసభ్యులు ఇరువది యేండ్లు స్వల్పజీతమునకు పనిచేయుదుమని మాట యిచ్చువారు. ఆ జీతము నెలకు సుమారు 75 రూపాయలు. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివిన గోపాలకృష్ణ గోఖలేయు, ధోండో కేశవ కర్వేయు వచ్చి చేరినది యిచ్చటికే.

అగర్కరు నిరుపేద. ఎం.ఏ. చదువుచున్న దినములలో అతడు తల్లికి వ్రాసిన లేఖ మహారాష్ట్రమున ఇంటింట తెలిసినది. కొడుకు పెద్ద పరీక్షలో తేరుచున్నాడు గనుక పెద్ద జీతము వచ్చుననియు, కష్టములు గట్టెక్కుననియు ఆశింపవలదనియు, పొట్టకు చాలినంతతో తృప్తిపడి మిగిలిన కాలమునంతయు పరహితమునకు వినియోగింప దలచితిననియు దాని తాత్పర్యము. 1892లో ఫెర్గుసన్ కళాశాలకు ప్రిన్సిపాలై, 1895లో నలువదేండ్లయినను నిండకుండ గతించెను. ఇచ్చట గమనింపవలసినది యొకటి కలదు. ఈ యువకులకు చదువిచ్చినది దక్కను కళాశాల, ఎల్ఫిన్‌స్టన్ కళాశాల. వారు జీవితములను ధారవోసినది మరియొక కళాశాలకు. తాము పొందిన చదువు, పొందనివారికి చేరుటకై క్రొత్త ద్వారమును తెరచిరి. కన్నతల్లి ఋణమును కన్నబిడ్డయందు తీర్చినట్లే వారు తీర్చిరి.

తన కళాశాలకే తిరిగివచ్చి ఋణము తీర్చినవాడును అచ్చటనే కలడు. రఘునాథ పురుషోత్తమ పరాంజపే 1876లో రత్నగిరి జిల్లాలోని ముర్డీ గ్రామమున పుట్టెను. ఫెర్గుసన్ కళాశాలలో చదివి, భారత ప్రభుత్వపు విద్యార్థి వేతనముతో కేంబ్రిడ్జికి పోయెను. 1899లో గణితశాస్త్ర పరీక్షయందు ప్రథమస్థానమగు సీనియర్ రాంగ్లరు పదవిని మరియొకనితో సమముగా పొందెను. అంతకు మునుపు ఏ భారతీయునికిని ఆ గౌరవము దక్కలేదు. సెయింట్ జాన్ కళాశాల ఫెలోషిప్పును లభించెను. అట్టివానికి ఇంగ్లండులోగాని ఇండియాలోగాని పెద్ద కొలువు దొరకుట కష్టము కాదు. అతడు తిరిగివచ్చి ఫెర్గుసన్ కళాశాలలో గణితము చెప్పుటకు కూర్చుండెను. 1902లో ప్రిన్సిపాలై సుమారు రెండు దశాబ్దములు ఆ భారము వహించెను. మంత్రిపదవియు, విశ్వవిద్యాలయాధ్యక్షతయు, ఆస్ట్రేలియాలో భారత హైకమీషనరు పదవియు వచ్చినది ఆ తరువాతనే. 1966లో మరణించువరకు లోకమునకు ఆయన ‘రాంగ్లర్ పరాంజపే’యే.

ఆయన తిరిగివచ్చుట వలన కలిగిన లాభము ఫెర్గుసన్ కళాశాల ప్రహరీలోపలనే నిలిచిపోయెనా? 1907లో వి. రామస్వామి అయ్యరు అను డిప్యూటీ కలెక్టరు గణితాభిమానులను కూడదీసి ఒక సంఘమును స్థాపించెను. అదియే భారత గణితశాస్త్ర సంఘమైనది. దానికి గ్రంథాలయము కావలసివచ్చినప్పుడు చోటిచ్చినది ఫెర్గుసన్ కళాశాల. గ్రంథపాలకత్వము వహించినది పరాంజపే. విదేశపు పత్రికలు అచ్చటినుండి టపాలో ఊరూర నున్న సభ్యులకు పోయి, తిరిగి వచ్చుచుండెడివి. కేంబ్రిడ్జి చదువు పూనాకు, పూనానుండి మారుమూల పట్టణములకు నిట్లు ప్రవహించినది.

ఆ సంఘపు పత్రికలోనే 1911లో శ్రీనివాస రామానుజన్ మొదటి వ్యాసము వెలువడినది. ఈ రామానుజన్ ఎవరు? కుంభకోణపు కళాశాలలో ఆంగ్లమున తప్పి విద్యార్థి వేతనమును పోగొట్టుకొనినవాడు. మదరాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి, ఎఫ్.ఏ. పరీక్ష తేరలేకపోయినవాడు. అతడు చిన్న గుమాస్తా కొలువు కోరి రామస్వామి అయ్యరు కడకు పోగా, ఆయన నోటుపుస్తకములు చూచి, ఈ ప్రతిభను గుమాస్తాపనిలో అణచరాదని తలచి, మదరాసులోని మిత్రులకు సిఫారసు చేసెను. అట్లు చేతులు మారి విషయము నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు కడకు వచ్చినది. ఆయన కొంతకాలము నెలనెలా తన సొమ్మిచ్చి పోషించెను. వీరెవరును రామానుజన్ సహపాఠులు కారు. ఒక చదువు వారిచేతిలో నుండెను; చదువు తేరలేదని త్రోసివేయబడినవాడు ఎదుట నిలిచెను. కళాశాలలు చేసిన లోపమును పట్టభద్రులు పూరించిరి. పట్టభద్రుని ఋణవిమోచనమునకు దీనికంటె మేలైన యుదాహరణము మాకు తోచదు.

కర్వే కథయు నిట్టిదే. తిలకు విడిచిన గణితోపాధ్యాయస్థానమున 1891లో చేరి, 1914 వరకు ఫెర్గుసన్ కళాశాలలో బోధించుచునే, 1896లో వితంతువులకు ఆశ్రమమును నెలకొల్పెను. 1893లో ఆయన వివాహమాడిన గోదూబాయి వితంతువు. పండిత రమాబాయి శారదాసదనమున చదువుకొనిన స్త్రీ. ఆమె ఆయన కార్యమున పాలుపంచుకొనెను. 1916లో ఆయన స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షుడుగా నిలిచినది పరాంజపేయే. గోఖలే 1902లో కళాశాలనుండి విరమించెను. 1911లో పిల్లలందరికి ప్రాథమికవిద్యను క్రమక్రమముగా నిర్బంధము చేయు బిల్లును శాసనసభలో ప్రవేశపెట్టెను. 1912లో 38 వోట్లకు 13 వోట్లతో అది వీగిపోయినది. విద్య బాలబాలికల హక్కని 2002లో రాజ్యాంగసవరణము, 2009లో శాసనము చెప్పినవి. ఒక కళాశాల తరగతిగదిలో పాఠము చెప్పినవాని ఆలోచన, కళాశాలకు రాజాలని కోట్లకొలది బిడ్డలవరకు సాగినది.

ఇంతవరకు స్తుతించితిమి. కాని ఈ త్యాగమునకు మరియొక ప్రక్క కలదు, దానిని దాచరాదు. 1890లో తిలకు సంఘమునుండి వైదొలగెను. జీవితసభ్యుడు తన సమస్తకాలమును సంఘమునకే యీయవలెననియు, బయటి సంపాదనలును బయటి బాధ్యతలును కూడవనియు ఆయన పక్షము. కుటుంబమున్నవాడు విరామవేళ ధర్మముగా మరికొంత ఆర్జించుకొనరాదా, దేశకార్యము చేయరాదా యని రెండవ పక్షము. రెంటను న్యాయము కలదు. సగము మనస్సుతో చేయు సేవ సేవ కాదన్న మాట నిజము. అయినను మా తీర్పు రెండవ పక్షమువైపే మ్రొగ్గును. ఏలనన, భర్త త్యాగియని సభలు పొగడునప్పుడు బియ్యపుడబ్బా అడుగు చూచునది భార్య. ఇరువది యేండ్ల ప్రతిజ్ఞ చేయునప్పుడు ఆమెను ఎవరడిగిరి? ఇతరుల పస్తులతో చేసిన దానము పూర్ణమైన దానము కాదు. జీవితమంతయు ఇచ్చెదననువాడు మొదట తన యింటివారి సమ్మతి పొందవలెను. అదియు కుదరనిచో తనకు గలదానిలో ఇయ్యదగినది యిచ్చిన చాలును. ధర్మము పదునాలుగు కోట్లు అడుగదు. అడిగినది విసిగిన గురువే.

దానము చేయువారిలో పొడచూపు దోషము మరియొకటి కలదు. తన కళాశాలమీది యభిమానము తన కులముమీది యభిమానమువలె మారుట. “మావాడు, మా కళాశాలవాడు” అని కొలువులలో చేర్చుకొనుట, ఇతరులను త్రోయుట, ఇదివరకే నిండియున్న విద్యాలయమునకే మరల మరల పోయుట, ప్రక్కవీధి బడిలో పైకప్పు కారుచున్నను చూడకుండుట ఇట్టి యభిమానపు లక్షణములు. నిండిన చెరువునకు నీరు తోడి పోయువాడు దాత యనిపించుకొనవచ్చును. ఎండిన పొలమునకు అతనివలన ఉపకారము లేదు. ఫలకముమీద పేరు చెక్కించుకొనుటను మేము పాపమనము. కాని పేరులేకున్నను ఇచ్చియుందునా యని దాత తన్ను తాను ప్రశ్నించుకొనినచో, ఆ జవాబు ఆతనికే ఉపకరించును.

కళాశాల తన్ను అవమానించినదని తలచువారి మాట యేమి? కులముచేతనో, పేదరికముచేతనో, ఆడుపిల్ల యగుటచేతనో తరగతిలో చిన్నబుచ్చబడినవారు పెక్కుమంది కలరు. వారిని కృతజ్ఞత చూపుమని మేమడుగము. వారికి ఆ గోడలకు ఋణము లేదు. అయినను వారు పొందిన చదువు, ఆ యవమానమును సహింపవలసిన తరువాతి బిడ్డకు దారిచూపగలదు. అందరికంటె వారు ఈయగలిగిన దక్షిణయే విలువైనది. ఏ మెట్టు ఎక్కడ జారునో వారికి తెలియును గనుక.

ఇక గృహస్థులును గృహిణులును ఏమి చేయవలెనని పాఠకులు అడుగవచ్చును. పరాంజపేవలె తిరిగిపోవుట అందరికి సాధ్యము కాదు, కావలసినదియు కాదు. సంవత్సరమున కొక బాలిక పరీక్షాశుల్కము కట్టుట సాధ్యము. పనిమనిషి కూతురు సాయంకాలము అరగంట కూర్చుండి చదువుకొనుటకు మన వసారాలో దీపమును, చాపయు ఇచ్చుట సాధ్యము. చదివి అటకమీద పెట్టిన పుస్తకములను గ్రామ పాఠశాలకు పంపుట సాధ్యము. గణితము వచ్చినవారు వారమున కొకదినము ప్రక్కబడిలో గణితము చెప్పుట సాధ్యము. పట్టము పుచ్చుకొని వంటయింటి పనులలోనే దానిని మరచితినని నొచ్చుకొను సోదరీమణులు మాకు తెలియును. వారి పట్టము మాసిపోలేదు. ఒక్క బిడ్డకు అక్షరము దిద్దించిననాడు అది మరల క్రొత్తదగును. ఇచ్చినదానిని ఎవరికిని చెప్పనవసరము లేదు. మాట యిచ్చినది మాత్రము తప్పరాదు. ఒక బాలికను ఎనిమిదవ తరగతిలో చేర్చి తొమ్మిదవ తరగతిలో విడుచుట, చేర్పకుండుటకంటె క్రూరము.

మేము బడిపంతులము. మా యొద్ద చదివిపోయినవారు మరల వచ్చి నమస్కరించినప్పుడు మాకు సంతోషము కలుగకపోలేదు; అందరివలె మేమును మనుష్యులమే. అయినను దక్షిణ యేమి తెచ్చితివని వారిని అడుగవలసివచ్చినచో మే మడుగ దలచిన ప్రశ్న యొక్కటే: నీ వెవరికి చదువు చెప్పుచున్నావు? ఈ ప్రశ్నకు జవాబు గల శిష్యుడు మా వాకిట అడుగు పెట్టకపోయినను, మాకు బాకీ లేదు.